మన పాలమూరు, నల్లగొండ ఆకాశంలో పాలపుంతను ఫోటో తీయడం ఎలా?

"నా ఫోన్‌లో పాలపుంత వస్తుందా?" "ఏ నెలలో పోవాలి?" "కెమెరా ఏది కొనాలి?" ఎండాకాలం దగ్గరపడుతుంటే ఈ మూడు ప్రశ్నలు ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పేబదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను. ఇది చదివి, అమావాస్య చూసుకుని బయల్దేరితే మొదటి రాత్రే నలుగురికి చూపించుకోదగ్గ ఫోటో మీ చేతికి రావాలన్నది నా కోరిక.

మంచి కెమెరా లేదని ఆగిపోకండి. మన దగ్గర ఈ ఫోటోలు ఎక్కువగా పాడయ్యేది మూడు కారణాల వల్ల: తప్పు తేదీన వెళ్ళడం, వెలుతురు ఉన్న దిక్కుకు తిరిగి తీయడం, ఫోకస్ కుదరకపోవడం. ఈ మూడూ సరిచేసుకోవడానికి పైసా ఖర్చు లేదు.

ఇంకో సంతోషకరమైన సంగతి. పాలపుంతలో బాగా మెరిసే నడిభాగం వృశ్చికం, ధనుస్సు రాశుల దగ్గర, దక్షిణాన ఉంటుంది. మన జిల్లాల నుంచి చూస్తే అది దాదాపు 45 డిగ్రీల ఎత్తుకు, అంటే నేలకూ నడినెత్తికీ సగం దాకా ఎక్కుతుంది. ఢిల్లీ వాళ్ళకు 32 డిగ్రీలు దాటదు. పైగా హైదరాబాద్ వెలుతురు మనకు ఉత్తరం వైపు. దాన్ని వీపు వెనక పెట్టుకుని దక్షిణానికి తిరిగితే ఎదురుగా కృష్ణా నది, దాని అవతల నల్లమల అడవి. పాలపుంత ఫోటోకు ఇంతకంటే అనువైన చోటు తెలంగాణలో మరొకటి లేదని నేను గట్టిగా నమ్ముతాను.

ఏమేం కావాలి

ఫోన్ అయితే: కెమెరాలో ప్రో మోడ్ (సెట్టింగులు మనమే మార్చుకునే మోడ్) ఉండాలి. అందులో షటర్ (వెలుతురును లోపలికి వదిలే తలుపు) కనీసం 10 సెకన్లు తెరిచి ఉంచగలగాలి. ఐఎస్‌ఓ (ఫోటో ఎంత వెలుతురుగా రావాలో పెంచే, తగ్గించే అంకె), ఫోకస్ చేత్తో మార్చుకునే వీలుండాలి. రా ఫార్మాట్‌లో (కెమెరా మార్పులు చేయని అసలు ఫైలుగా) సేవ్ అయితే ఇంకా మంచిది. పిక్సెల్ ఫోన్లలోనూ, శామ్‌సంగ్ పెద్ద మోడళ్ళలోనూ ఆకాశం కోసమే ప్రత్యేక మోడ్ ఉంది. ఆ మోడ్ నిమిషాల తరబడి వరుసగా ఫోటోలు తీసి తనే కలిపేస్తుంది. మీ ఫోన్‌లో ఉందో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి.

కెమెరా అయితే: సెకండ్ హ్యాండ్ డీఎస్‌ఎల్‌ఆర్, దానితో వచ్చే 18-55 లెన్స్ చాలు. లెన్స్ కొనే స్తోమత ఉంటే 50 ఎంఎం ఎఫ్ 1.8 ముందు కొనకండి. అది చవకే కానీ ఆకాశంలో చిన్న ముక్కే పడుతుంది. వెడల్పుగా చూసే లెన్స్ కోసం ఆగండి.

ట్రైపాడ్ తప్పనిసరి. తేలిక ట్రైపాడ్ అయినా పర్లేదు, మధ్య కొక్కేనికి నీళ్ళ సీసాలు వేసిన సంచి వేలాడదీస్తే గాలికి కదలదు. సంచి నేలకు కాస్త ఆనాలి, ఊగితే ఉన్నది కూడా చెడుతుంది. అసలు ట్రైపాడే లేకపోతే ఇసుక పోసిన చిన్న సంచి మీద ఫోన్‌ను వెల్లకిలా వాలించి తీయొచ్చు.

ఇవి కాక: నిండా ఛార్జింగ్, పవర్ బ్యాంక్, కెమెరాకు రెండో బ్యాటరీ, ఖాళీ మెమరీ కార్డు, లెన్స్ తుడిచే మెత్తని గుడ్డ, కాళ్ళు కప్పే బూట్లు, మంచి టార్చి. ఇంకో చిన్న టార్చికి ఎర్ర కాగితం చుట్టి పెట్టుకోండి. తెల్ల వెలుతురు ఒక్కసారి కళ్ళలో పడితే మళ్ళీ చీకటికి అలవాటు పడటానికి 20-30 నిమిషాలు పడుతుంది. ఫోన్‌లో స్టెల్లేరియం యాప్ వేసుకోండి, ఏ గంటకు ఏ చుక్క ఎక్కడుంటుందో చూపిస్తుంది.

1. తేదీ చూసుకోండి

యాప్‌ల కన్నా ముందు గోడ మీద తెలుగు క్యాలెండర్ చూడండి. చంద్రుడు ఉంటే పాలపుంత కనిపించదు, అంతే. అయితే అమావాస్య ఒక్కరోజే పనికొస్తుందని అనుకోకండి. మీరు తీసే గంటకు చంద్రుడు ఆకాశంలో లేకపోతే చాలు.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా నడిభాగం అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున పైకి వస్తుంది. అప్పుడు మీకు కావలసింది అమావాస్య నుంచి శుక్ల అష్టమి, నవమి దాకా ఉన్న రోజులు. ఆ రోజుల్లో చంద్రుడు ముందే అస్తమించి ఉంటాడు. అక్టోబర్, నవంబర్‌లలో సాయంత్రం తీయాలి కాబట్టి లెక్క తిరగబడుతుంది: బహుళ పంచమి నుంచి అమావాస్య దాకా వెళ్ళండి, చంద్రుడు ఆలస్యంగా ఉదయిస్తాడు. ఈ తేడా తెలియక శుక్ల సప్తమి నాడు అక్టోబర్ సాయంత్రం బయల్దేరి, తీరా వెళ్ళాక నెత్తి మీద చంద్రుణ్ణి చూసి వెనక్కి వచ్చేవాళ్ళు చాలామంది.

ఏ నెలలో ఏ గంటకు అన్నది మన ప్రాంతానికి ఉజ్జాయింపుగా ఇలా ఉంటుంది.

ఫిబ్రవరి మధ్యలో: తెల్లవారుజామున 4:15 నుంచి 5:20 దాకా, ఆగ్నేయంలో.
మార్చి మధ్యలో: 2:30 నుంచి 5 దాకా.
ఏప్రిల్ మధ్యలో: రాత్రి 1 దాటాక.
మే మధ్యలో: రాత్రి 11 నుంచి. రెండున్నరకు సరిగ్గా దక్షిణాన, అన్నిటికన్నా ఎత్తులో.
అక్టోబర్ మధ్యలో: సాయంత్రం 7 నుంచి 8:30 దాకా, నైరుతిలో.
నవంబర్ మొదటి వారంలో: చీకటి పడగానే ఓ అరగంట. ఆ తర్వాత కిందికి దిగిపోతుంది.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా లెక్క ప్రకారం అదే మంచి కాలం, కానీ మబ్బులు ఒప్పుకోవు. ఎప్పుడైనా సరే, పొద్దు గుంకాక గంటా పావు దాటితేనే పూర్తి చీకటి. ఉదయం కూడా అంతే, సూర్యోదయానికి గంటా పావు ముందే పని ముగించాలి.

నన్ను అడిగితే మార్చి నెల మంచిది. ఏప్రిల్ చివర, మే నెలల్లో ఆకాశంలో దుమ్ము పేరుకుంటుంది, యాసంగి వరి కోశాక కొయ్యకాళ్ళు కాల్చిన పొగ కూడా తోడవుతుంది. కానీ ఆ నెలల్లోనే ఓ సాయంత్రం అకాల వాన పడి, రాత్రికి మబ్బు విడిపోయిందంటే పని మానుకుని అయినా వెళ్ళండి. వాన కడిగిన ఆకాశంలో వచ్చే ఫోటో మామూలు రాత్రి రాదు.

2. చోటు ఎంచుకోండి

సూత్రం ఒకటే: మీకు దక్షిణాన ఊరు ఉండకూడదు. ఉత్తరాన ఉన్నా ఫరవాలేదు. లైట్ పొల్యూషన్ మ్యాప్ తెరిచి చూస్తే హైదరాబాద్ చుట్టూ తెల్లగా, ఎర్రగా ఉండి, కృష్ణ దగ్గరికి వచ్చేసరికి నల్లబడుతూ కనిపిస్తుంది.

కొల్లాపూర్ దగ్గరి సోమశిల నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు. శ్రీశైలం బ్యాక్‌వాటర్ ముందుంటుంది, అవతల నల్లమల. గుడి దగ్గరి లైట్లకు దూరంగా జరగాలి. నల్లగొండ వాళ్ళకు నేరెడుగొమ్ము మండలంలోని వైజాగ్ కాలనీ దగ్గర, సాగర్ వెనక జలాలు ఉన్నాయి. డిండి చెరువు వైపు, దేవరకొండ దాటాక వచ్చే పల్లెలు కూడా పనికొస్తాయి. మహబూబ్‌నగర్ నుంచి మరీ దూరం పోలేనివాళ్ళు కోయిల్‌సాగర్ చూడొచ్చు.

నాగార్జునసాగర్, జూరాల డ్యాముల పక్కనే నిలబడి తీయాలనుకోకండి. అక్కడ లైట్లూ ఎక్కువ, భద్రతా సిబ్బంది రానివ్వరు కూడా. మిర్యాలగూడ రైస్ మిల్లుల వైపు, దామరచర్ల థర్మల్ ప్లాంటు వైపు, హుజూర్‌నగర్ చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల వైపు ఆకాశం నారింజ రంగుకు తిరుగుతుంది. అటు కెమెరా తిప్పొద్దు.

అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ గురించి చాలామంది అడుగుతారు. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలు వదలరు. అడవిలో రాత్రి బండి ఆపి దిగడం చట్టానికీ విరుద్ధం, ప్రాణానికీ మంచిది కాదు. ఎంత నల్లటి ఆకాశమైనా అడవి లోపలికి వెళ్ళొద్దు. అటవీ శాఖ వసతి దొరికి అక్కడే బస చేస్తే, వాళ్ళు ఒప్పుకున్న చోటు నుంచి తీసుకోండి.

ఈ చీకటి ఎంత విలువైనదో తెలియడానికి ఒక ఉదాహరణ. ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ళు ఇబ్రహీంపట్నం అవతల జపాల్-రంగాపూర్‌లో అబ్జర్వేటరీ కట్టి 48 అంగుళాల టెలిస్కోపు పెట్టారు. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచే పరిశీలించారు. నగరానికి అంత దూరమని ఎంచుకున్న ఆ చోటికి కూడా ఇప్పుడు నగరం వెలుతురు వచ్చేసింది. దేవరకొండ, కొల్లాపూర్ వైపు ఇంకా ఆ పరిస్థితి రాలేదు. వచ్చేలోపు తీసుకోవాలి.

3. పగలు ఒకసారి వెళ్ళి చూసి రండి

ఈ మెట్టు దాటేయకండి. రాత్రి మన పొలాల్లో తిరగడం ఆట కాదు.

గోడ లేని వ్యవసాయ బావులు చీకట్లో కనిపించవు. ఎక్కడున్నాయో పగలే చూసి పెట్టుకోండి. అంతకన్నా ప్రమాదం అడవి పందుల కోసం కొందరు చేల చుట్టూ పెట్టే కరెంటు తీగలు. అవి చట్టవిరుద్ధం, అయినా పెడుతున్నారు, మనుషులు చనిపోతున్నారు. కాబట్టి చేలోకి దిగొద్దు. బాటకు, చెరువు కట్టకు, ఖాళీ బీడుకు పరిమితం కండి. అదైనా ఆ భూమి రైతును అడిగాకే. "పెద్దయ్యా, రాత్రి ఇక్కడ చుక్కల ఫోటోలు తీసుకుంటాం, ఈ చుట్టుపక్కల తీగ ఏమైనా ఉందా?" అని నేరుగా అడగండి. ఎవరూ తప్పు పట్టరు.

ఊళ్ళో చెప్పి రావడానికి ఇంకో కారణం ఉంది. పాత గుడి దగ్గరో, కోట దగ్గరో అర్ధరాత్రి కొత్తవాళ్ళు ట్రైపాడ్‌తో కనిపిస్తే గుప్తనిధుల కోసం వచ్చారనే అనుకుంటారు. అలా అనుకోవడంలో వాళ్ళ తప్పేమీ లేదు, నిజంగా తవ్వేవాళ్ళు ఉన్నారు కాబట్టి. సర్పంచికో, గుడి పూజారికో, వీలైతే స్టేషన్‌లోనో పగలే ఒక మాట చెప్పండి. కెమెరాలో పాత ఫోటోలు ఒకటి రెండు చూపిస్తే వాళ్ళే తోడు వచ్చి కూర్చుంటారు.

నీటి అంచుకు పది పదిహేను అడుగులు ఎడంగా ఉండండి, కృష్ణలో మొసళ్ళు ఉన్నాయి. పాములు, తేళ్ళు ఎండాకాలం రాత్రులే బయట తిరుగుతాయి. సంచి నేల మీద తెరిచి పెట్టొద్దు. ఒంటరిగా వెళ్ళొద్దు.

4. సెట్టింగులు ఇంటి దగ్గరే పెట్టుకోండి

చీకట్లో మెనూల్లో వెతుక్కుంటే గంట ఇట్టే పోతుంది. కెమెరాను మాన్యువల్ మోడ్‌లో పెట్టి ఇవి సరిచేయండి:

ఫార్మాట్ రా. ఎపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం) మీ లెన్స్ ఎంత తెరుచుకుంటే అంత (18-55 లెన్స్‌కు ఎఫ్ 3.5). ఐఎస్‌ఓ 3200. షటర్ 15 సెకన్లు. వైట్ బ్యాలెన్స్ (రంగుల సమతూకం) ఆటో వద్దు, 4000 కెల్విన్ దగ్గర ఆపండి. టైమర్ 2 సెకన్లు, బటన్ నొక్కిన కుదుపు ఆగాక షటర్ తెరుచుకుంటుంది. లెన్స్ మీది స్టెబిలైజర్ (చేతి కుదుపు తగ్గించేది) ఆఫ్. ఫ్లాష్ ఆఫ్. స్క్రీన్ వెలుతురు అట్టడుగుకు.

ఫోన్‌లో: ప్రో మోడ్, మెయిన్ కెమెరా (వైడ్, జూమ్ లెన్సులు వద్దు, వాటికి వెలుతురు చాలదు), ఐఎస్‌ఓ 1600 నుంచి 3200, షటర్ 10 నుంచి 15 సెకన్లు, రా ఆన్, టైమర్ 3 లేదా 5 సెకన్లు.

షటర్ ఎంతసేపు? భూమి తిరుగుతుంది కాబట్టి ఎక్కువసేపు తెరిస్తే చుక్కలు గీతలవుతాయి. 500ను లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద రాసి ఉండే ఎంఎం అంకెతో) భాగించడం పాత లెక్క. మామూలు డీఎస్‌ఎల్‌ఆర్‌కు ముందు ఆ ఫోకల్ లెంగ్త్‌ను నికాన్ అయితే 1.5తో, కానన్ అయితే 1.6తో గుణించాలి. నికాన్ మీద 18 ఎంఎం అంటే 27. 500ను 27తో భాగిస్తే 18 సెకన్లు. ఇప్పటి కెమెరాలకు ఈ లెక్క కాస్త ఉదారంగా ఉంటుంది, అందుకే 15 అన్నాను. 50 ఎంఎం లెన్స్ అయితే 6 సెకన్లే.

5. ఫోకస్

పాడైన పది ఫోటోల్లో అత్యధికం ఇక్కడే పాడవుతాయి. చిన్న స్క్రీన్ మీద అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, ఇంటికి వచ్చి కంప్యూటర్‌లో తెరిస్తే చుక్కలన్నీ ఉబ్బిన మచ్చలు. రాత్రంతా వృథా. కాబట్టి నిదానంగా చేయండి.

ఆటో ఫోకస్ చీకట్లో పనిచేయదు, లెన్స్ మీది మీటను ఎంఎఫ్ (మాన్యువల్ ఫోకస్) వైపు జరపండి. లెన్స్ మీద అనంతం గుర్తు ఉంటే దాన్ని నమ్మొద్దు. అసలు ఫోకస్ దానికి కాస్త ఇటో అటో ఉంటుంది. లైవ్ వ్యూ (దృశ్యాన్ని స్క్రీన్ మీదే చూపేది) ఆన్ చేసి బాగా మెరిసే చుక్క ఒకటి ఫ్రేములోకి తెచ్చుకోండి. మార్చి తెల్లవారుజామున ఎత్తులో స్వాతి, దక్షిణం వైపు ఎర్రగా జ్యేష్ఠ ఉంటాయి. మే రాత్రుల్లో స్వాతి, చిత్త. అక్టోబర్ సాయంత్రం నడినెత్తి దగ్గర శ్రవణం, వాయవ్యంలో అభిజిత్. చుక్క దొరక్కపోతే రెండు మూడు కిలోమీటర్ల దూరంలోని సెల్ టవర్ మీది ఎర్ర లైటు కూడా సరిపోతుంది.

ఆ చుక్కను స్క్రీన్ మీద 10 రెట్లు పెద్దది చేయండి (జూమ్ రింగు తిప్పడం కాదు, స్క్రీన్ మీది భూతద్దం బటన్). ఫోకస్ రింగును నెమ్మదిగా తిప్పుతుంటే చుక్క చిన్నదవుతూ వస్తుంది, ఒక చోట అతి చిన్నదై, దాటాక మళ్ళీ ఉబ్బుతుంది. దాటేదాకా తిప్పి, వెనక్కి వచ్చి, అతి చిన్నగా ఉన్నచోట ఆపండి. ఇప్పుడొక ఫోటో తీసి, దాన్ని పెద్దది చేసి మధ్యలో చుక్కలు చూడండి. సూది మొనల్లా ఉంటే సరే. అప్పుడు ఫోకస్ రింగు మీద, జూమ్ రింగు మీద చిన్న టేపు ముక్క అతికించండి. జూమ్ కదిలితే ఫోకస్ కూడా పోతుంది.

గంటకోసారి మళ్ళీ పరీక్షించండి. పగటి వేడి దిగుతున్న కొద్దీ లెన్స్ లోపల కొద్దిగా మార్పు వస్తుంది. కెమెరాను ఎత్తి ఇంకోచోట పెట్టినా మళ్ళీ చూడాల్సిందే.

ఫోన్‌లో ఫోకస్ గీతను కొండ గుర్తు లేదా అనంతం గుర్తు దాకా జరపండి. ఒక ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. మసకగా ఉంటే ఒక్క గీత వెనక్కి, మళ్ళీ ఫోటో. మూడు నాలుగు సార్లలో దొరుకుతుంది. ఏ అంకె దగ్గర దొరికిందో రాసి పెట్టుకోండి. ఇంకొకటి, ఫోన్ కవర్ తీసేసి లెన్స్ తుడవండి. వేలి జిడ్డు వల్ల ప్రతి చుక్క చుట్టూ పొగ వస్తుంది, ఫోకస్ తప్పనుకుని జనం గంటలు తంటాలు పడతారు.

6. పాలపుంత వైపు తిప్పి పరీక్ష ఫోటో తీయండి

ఎర్రటి జ్యేష్ఠను పట్టుకుంటే వృశ్చికం దొరికినట్టే. దాని వంకర తోక చివర మూలా నక్షత్రం. తోకకు ఎడమ పక్కన ధనుస్సు. ఈ రెండింటి మధ్య ఉన్న తెల్లటి మసకే పాలపుంత నడిభాగం. కంటికి బూడిద రంగులోనే కనిపిస్తుంది, నిరాశ పడకండి, రంగులు కెమెరాలో వస్తాయి.

ఒక ఫోటో తీసి హిస్టోగ్రామ్ (ఎడమ చీకటి, కుడి వెలుతురుగా ఫోటోను చూపే గ్రాఫ్) తెరవండి. చీకట్లో స్క్రీన్ ఎప్పుడూ ఉన్నదానికన్నా వెలుతురుగా కనిపిస్తుంది, కంటిని నమ్మొద్దు. హిస్టోగ్రామ్‌లోని గుట్ట ఎడమ అంచు నుంచి పావు, మూడో వంతు మధ్య ఉండాలి. ఎడమ గోడకు అంటుకుపోతే ఐఎస్‌ఓ 6400 చేయండి. మధ్య దాకా వచ్చేస్తే 1600కు దించండి. అది అలా మధ్యకు రావడం అంటే చుట్టుపక్కల వెలుతురు ఎక్కువని అర్థం, చోటు మార్చగలిగితే మార్చండి.

ఫ్రేములో కింద నేల కొంచెం ఉండనివ్వండి. తాటిచెట్టు, రాతిగుట్ట, పడవ, ఏదైనా ఒకటి చాలు. దాని మీద టార్చి వేయాలనిపిస్తే దూరం నుంచి, పక్క నుంచి, ఒక్క సెకను. ఎదురుగా నిలబడి వేస్తే పెళ్ళి ఫోటోలా తయారవుతుంది.

7. ఒకటి కాదు, ఇరవై తీయండి

మామూలు కెమెరా ఫోటోకూ చూడముచ్చటైన ఫోటోకూ తేడా ఇక్కడే వస్తుంది. కెమెరా కదపకుండా, సెట్టింగు మార్చకుండా వరుసగా 20 నుంచి 30 ఫోటోలు తీయండి. తర్వాత వాటిని కలిపితే గరుకు (నాయిస్) తగ్గుతుంది: 16 ఫోటోలు కలిపితే నాలుగో వంతుకు. పది నిమిషాల పని, వేల రూపాయల లెన్స్ చేసే మేలు చేస్తుంది.

అది అయిపోగానే లెన్స్ మూత పెట్టి, అదే షటర్, అదే ఐఎస్‌ఓతో ఇంకో 10-15 నల్ల ఫోటోలు తీయండి. మన దగ్గర ఇవి చాలా అవసరం. మే రాత్రి కూడా వేడిగానే ఉంటుంది, వేడికి సెన్సర్ మీద ఎర్ర, నీలి చుక్కలు పుట్టుకొస్తాయి. నల్ల ఫోటోలు ఇస్తే సాఫ్ట్‌వేర్ వాటిని తీసేస్తుంది. ఇంటికొచ్చాక ఏసీ గదిలో తీస్తే పనికిరావు, అదే వేడిలో, అక్కడే తీయాలి.

అక్టోబర్, నవంబర్‌లలో నీటి పక్కన మంచు లెన్స్ మీద పడుతుంది. పావుగంటకోసారి టార్చి పక్క నుంచి వేసి అద్దం చూడండి. మసక పడితే మెత్తని గుడ్డతో అద్ది తీయండి, నోటితో ఊదొద్దు.

8. ఇంటి దగ్గర కలపడం

విండోస్ కంప్యూటర్ ఉంటే సీక్వేటర్ ఉచితం, తేలిక. స్టార్ ఇమేజెస్ దగ్గర మీ 20 ఫోటోలు, నాయిస్ ఇమేజెస్ దగ్గర నల్లవి ఇవ్వండి. కంపోజిషన్‌లో 'ఫ్రీజ్ గ్రౌండ్' ఎంచుకుని, ఆకాశం ఎక్కడిదాకానో గీసి చూపించండి. ఇది మరిచిపోతే చుక్కలు నిలబడి, చెట్లు చెదిరిపోతాయి. నేల లేకుండా ఉత్త ఆకాశమే తీసినవాళ్ళు డీప్‌స్కైస్టాకర్ గానీ, సిరిల్ గానీ వాడొచ్చు. అవీ ఉచితమే, సిరిల్ మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. ఫోన్‌లోని ప్రత్యేక మోడ్‌తో తీసినవాళ్ళకు ఈ పని లేదు.

వచ్చిన ఫోటోను గింప్‌లోనో, ఫోన్‌లో స్నాప్‌సీడ్‌లోనో తెరిచి ముందు వైట్ బ్యాలెన్స్, తర్వాత కర్వ్స్‌తో కాంట్రాస్ట్, చివర కొద్దిగా రంగు. పాలపుంత నడిభాగం సహజంగా లేత పసుపు, మధ్యలో గోధుమ రంగు ధూళి చారలు. మీ ఫోటోలో అంతా ఊదాగా, నీలంగా ఉందంటే అతి అయింది. ఆకాశాన్ని నల్ల సిరాలా చేయొద్దు, కాస్త బూడిద రంగు మిగలాలి. రాత్రి ఎడిట్ చేసి వెంటనే ఎవరికీ పంపకండి, పొద్దున వెలుతురులో ఒకసారి చూసి పంపండి.

సరిగ్గా రాలేదా? పెద్దది చేసి చుక్కల ఆకారం చూడండి

చుక్కలన్నీ ఒకే దిక్కుకు చిన్న గీతలుగా ఉంటే షటర్ ఎక్కువసేపు తెరిచారు, 15ను 10 చేయండి. వంకరటింకర గీతలైతే ట్రైపాడ్ కదిలింది. గుండ్రంగా ఉబ్బి, మధ్యలో బోలుగా ఉంటే ఫోకస్ తప్పింది, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయదు. మధ్యలో బాగుండి మూలల్లో మాత్రం రెక్కలు వచ్చినట్టుంటే అది లెన్స్ స్వభావం. ఎపర్చర్ ఒక మెట్టు తగ్గించి తీయండి, లేదా మూలలు కత్తిరించండి.

ఫోటో అంతా నారింజ రంగైతే అది వెలుతురు కాలుష్యం. కొంత ఎడిటింగ్‌లో పోతుంది, మిగతాది చోటు మారిస్తేనే. ఆగి ఆగి చుక్కలుగా పడ్డ పొడుగు గీతలు శంషాబాద్‌కు వచ్చే విమానాలు, ఆగకుండా సాగినవి ఉపగ్రహాలు. ఫోటోలు కలిపితే రెండూ చాలావరకు మాయమవుతాయి. అంతా సరిగ్గానే ఉండి పాలపుంత ఒక్కటే లేకపోతే, అప్పటికి అది ఇంకా ఉదయించలేదేమో, స్టెల్లేరియంలో ఆ గంట పెట్టి చూడండి.

దూరం పోలేకపోతే, కాలం కాకపోతే

డిసెంబర్, జనవరి సాయంత్రాల్లో డాబా మీద నుంచే మొదలుపెట్టండి. వరుసగా మూడు చుక్కలు ఉన్న ఒరయన్, దాని దగ్గరలోనే గుత్తిగా పిల్లలకోడి, రెండూ ఊరి వెలుతురులో కూడా కనిపిస్తాయి. మీ దగ్గర 50 ఎంఎం లెన్స్ ఇప్పటికే ఉంటే అది పనికొచ్చేది ఇక్కడే: 5 సెకన్ల ఫోటోలు అరవై తీసి కలిపితే, ఆ మూడు చుక్కల కింద ఒరయన్ నెబ్యులా (వాయువు, ధూళి మేఘం) గులాబీ మచ్చగా తేలుతుంది. ఫోకస్, కలపడం రెండూ ఇక్కడే చేతికి వస్తాయి.

చుక్కల వలయాలు కావాలంటే ఉత్తరానికి తిరగండి. మన దగ్గర ధ్రువ నక్షత్రం నేల నుంచి 16, 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి కొండ, చెట్టు అడ్డం లేకుండా చూసుకోవాలి. ఐఎస్‌ఓ 800, ఎఫ్ 4, షటర్ 30 సెకన్లు, విరామం 1 సెకను, గంటసేపు. ఇక్కడ చుక్కలు గీతలు కావడమే మనకు కావాలి. గంటకు 15 డిగ్రీల వంపు వస్తుంది. కెమెరా మెనూలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆఫ్ చేయకపోతే గీతలు తెగిపోతాయి. కలపడానికి స్టార్‌స్టాక్స్ ఉచితం.

దీనికి నా మనసులో ఉన్న చోటు నారాయణపేట జిల్లా ముడుమాల్. కృష్ణ దగ్గర నిలువురాళ్ళు, వాటిలో ఒక బండ మీద సప్తర్షి మండలం ఆకారంలో తొలిచిన గుంటలు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది. మార్చి నుంచి మే దాకా రాత్రి సప్తర్షులు ఆ రాళ్ళ పైనే, ఉత్తరాన తిరుగుతుంటాయి. అనుమతి అడిగాకే వెళ్ళండి, రాళ్ళను తాకొద్దు, వాటికి ట్రైపాడ్ ఆనించొద్దు.

వానాకాలం మొదలవగానే లెన్సులను గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. బట్టల బీరువాలో వదిలేస్తే అక్టోబర్‌కల్లా అద్దం లోపల బూజు పడుతుంది, దాన్ని శుభ్రం చేయించడానికి పెట్టే ఖర్చుతో ఇంకో పాత లెన్స్ వస్తుంది. పొట్లాల రంగు మారితే వేడి చేసి ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు.